సి.బి.డి. చుక్కలు: మోతాదు మాట

(ఎలక్ట్రానిక్ సిటీ తెలుగు కుటుంబాల ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో మందుల మాట ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. పచ్చడి తిని, పంచాంగము విని, పిల్లల ఆటపాటలు చూచి ఇండ్లకు పోవలసిన పూట ఇది. ఐతే ఈ ఉదయము పచ్చడి కలిపిన తల్లులందరికీ ఒక సంగతి తెలుసును. వేపపూత లేనిదే అది ఉగాది పచ్చడి కాదు. అదే వేపపూత గుప్పెడు పడితే పచ్చడి నోట పెట్టలేము. మేము చెప్పదలచినది కూడా అటువంటి కొలత మాటే గనుక, సభవారు ఒక అరగంట ఓపిక పట్టవలెనని కోరుతున్నాము.

మాది మందుల దుకాణము. నీలాద్రి రోడ్డు, దొడ్డతోగూరు పరిసరాల తెలుగు ఇండ్లవారు మమ్మల్ని ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది: “సి.బి.డి. ఆయిలు మంచిదటగదా, రోజుకు ఎన్ని చుక్కలు వేసుకోవలె?” అడిగేవారిలో రాత్రి షిఫ్టులు చేసి నిద్ర చెడిపోయిన కుర్రవాళ్ళున్నారు. గుంటూరు నుంచో, కడప నుంచో, నల్లగొండ నుంచో పిల్లల దగ్గరకు వచ్చి నాలుగు నెలలుండి పోయే అమ్మానాన్నల మోకాళ్ళ నొప్పులకని అడిగే బిడ్డలున్నారు. మూర్ఛ వచ్చే పసివాడి కోసము కళ్ళనీళ్ళతో అడిగే తల్లులూ ఉన్నారు.

ఆ ప్రశ్నకు మేము చుక్కలు లెక్కపెట్టి జవాబు చెప్పము. తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాము. మీ సీసాలో ఉన్నదేమిటి? అది ఎంత ఉన్నది? వేసుకోబోయేవారు ఇంకే మందులు వాడుతున్నారు? ఈ మూడింటికీ జవాబు తెలిసేదాకా ఒక్క చుక్కయినా వద్దంటాము. ఆ మాట ఎందుకంటున్నామో ఈనాడు విన్నవించుకొంటాము.

మొదటి ప్రశ్న: సీసాలో ఉన్నదేమిటి?

సి.బి.డి. అంటే కన్నాబిడియోల్. అది గంజాయి మొక్కలో ఉండే పదార్థము. ఈ మొక్క మన వైద్యానికి కొత్తది కాదు. ఆయుర్వేదములో దీనికి విజయ అని పేరు. అజీర్ణానికీ గ్రహణికీ ఇచ్చే జాతీఫలాది చూర్ణములో శుద్ధి చేసిన విజయ ఆకు ఒక దినుసు. 1839లో కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఓషానెస్సీ అనే వైద్యుడు ఈ మొక్కను ధనుర్వాతము, మూర్ఛ మొదలైన వ్యాధులలో పరీక్షించి చూచి, ఆ ఫలితాలు ప్రకటించగా పాశ్చాత్య వైద్యుల దృష్టి దీనిపై పడినది. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ ఈ సి.బి.డి.ని వేరుచేసినారు. 1963లో దాని నిర్మాణము తేల్చినవారు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాఫెల్ మెషూలమ్. మరుసటి ఏడే ఆయన బృందము టి.హెచ్.సి. అనే మరొక పదార్థాన్ని శుద్ధముగా తీసినది. గంజాయి మత్తు ఈ టి.హెచ్.సి.ది. సి.బి.డి.కి ఆ మత్తు లేదు.

ఇక్కడనే చాలామంది తొందరపడతారు. మత్తు లేదు గనుక హాని లేదనుకొంటారు. జ్వరము మాత్రకూ మత్తు లేదు. అట్లని పది మాత్రలు ఒక్కసారి మింగుతామా?

మన ఊరిలో ‘హెంపు ఆయిలు’ అనే ఒక్క పేరు మీద మూడు రకాల సీసాలు కనిపిస్తున్నవి. వీటిని విడదీసి చూడవలెను.

ఒకటి, గింజల నూనె. ఇది ఆహారము. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ గింజలను, గింజల నూనెను, గింజల పిండిని ఆహారముగా అంగీకరించినది. అటువంటి ఆహారములో సి.బి.డి. కిలోకు 75 మిల్లీగ్రాములు మించరాదని, రోగము కుదురుతుందని చెప్పి అమ్మరాదని నియమము పెట్టినది. లెక్క వేసి చూడండి: అయిదు గ్రాముల చెంచాలో సి.బి.డి. అర మిల్లీగ్రాము కూడా ఉండదు. మోకాళ్ళ నొప్పికని ఈ నూనె కొన్నవారు కొన్నది వంటనూనె మాత్రమే.

రెండు, ఆకు సత్వము. దీనిని ఆయుర్వేద ఔషధముగా లైసెన్సు మీద చేస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము పూత కొసలను, బంకను నిషేధించినది. పూత కొసలు కలవని ఆకును, గింజను గంజాయి నిర్వచనములో చేర్చలేదు. ఆ వెసులుబాటు మీదనే ఈ మందులు నడుస్తున్నవి. 2020లో మన కోరమంగలలోనే ఇటువంటి మందులిచ్చే క్లినిక్కు ఒకటి తెరిచినప్పుడు పత్రికలన్నీ వ్రాసినవి. ఐతే ఔషధ నియమాలలో ఈ–1 అనే ఒక పట్టిక ఉన్నది. ఆయుర్వేద మందులలో విషగుణము గల దినుసుల పట్టిక అది. నల్లమందు, జీడిగింజ మొదలైన వాటితోపాటు భంగి కూడా అందులో ఉన్నది. ఆ పట్టికలోని దినుసుతో చేసిన కడుపులోకి తీసుకొనే మందు సీసా మీద ‘జాగ్రత్త, వైద్యుని పర్యవేక్షణలో వాడవలెను’ అనే హెచ్చరిక ఉండి తీరవలెను. అనగా శాసనము దీనిని మిఠాయిగా చూడలేదు, మందుగా చూచినది. మరొక్క మాట: ఆకు సత్వములో సి.బి.డి.తోపాటు టి.హెచ్.సి. కూడా ఉండవచ్చును. అది వేసుకొని హోసూరు రోడ్డు మీద బండి నడపడము ప్రాణాలతో చెలగాటము.

మూడు, పైదేశము నుంచి వచ్చిన సీసాలు, జిగురు మిఠాయిలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అబ్బాయి సెలవులకు వస్తూ నాన్నగారికని పెట్టెలో పెట్టుకొని వస్తాడు. అమెరికాలో 2018 చట్టము తక్కువ టి.హెచ్.సి. గల హెంపును నిషేధము నుంచి తప్పించినమాట నిజమే. 2025 నవంబరులో అక్కడనే ఆ నియమాన్ని మళ్ళీ బిగిస్తూ చట్టము చేసినారు. కాని అక్కడి చట్టము బెంగుళూరు విమానాశ్రయములో చెల్లదు. మత్తు కలిసిన మిఠాయి పెట్టెలో దొరికితే ఆ అబ్బాయి పడే చిక్కుకు నాన్నగారి మోకాలి నొప్పి జవాబు కాదు. ఇక్కడ కొన్న సీసాను సింగపూరుకో గల్ఫుకో తీసుకొనిపోవడము ఇంకా ప్రమాదము. అక్కడి శిక్షలు మనకు తెలిసినవే.

ఈ సందర్భములో మా యువకులకొక మాట. ఆకు మందుకు లైసెన్సు ఉన్నదని చెప్పి, విశాఖ మన్యము నుంచి దొంగచాటుగా వచ్చే గంజాయిని ‘వైద్యము’ అనే పేరుతో ఎవరైనా మీ చేతిలో పెడితే నమ్మవద్దు. 2021లో ఆంధ్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేర మన్యములో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించినారు. ఆ సరుకులో ఏముందో, ఎంత ఉందో చెప్పగలవాడు ఎవ్వడూ లేడు. అది మందు కాదు.

రెండవ ప్రశ్న: ఎంత ఉన్నది?

సీసా మీద 900 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలలో ఉంటుంది. అది చూచి రోజుకు 900 అని భయపడేవారున్నారు, అది మందు బలమని మురిసిపోయేవారూ ఉన్నారు. అది సీసా మొత్తములో ఉన్న తూకము. సీసా 30 మిల్లీలీటర్లయితే, 900ను 30తో భాగించండి. మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాములు. ఇదే అసలు అంకె. 10 మిల్లీగ్రాములు కావలెనంటే మిల్లీలీటరులో మూడవ వంతు. చుక్కల లెక్క నమ్మకమైనది కాదు. నూనె చిక్కదనాన్ని బట్టి, డ్రాపరు మూతిని బట్టి చుక్క పెద్దదీ చిన్నదీ అవుతుంది. గీతలున్న డ్రాపరుతోనే కొలవవలెను.

ఇంతటితో అయిపోలేదు. ఆ 900 దేని తూకము? సి.బి.డి. తూకమా, లేక మొత్తము ఆకు సత్వము తూకమా? పసుపు కిలో కొంటే అందులో కుర్కుమిన్ కిలో ఉండదు గదా. సత్వములో సి.బి.డి. ఎంత, టి.హెచ్.సి. ఎంత అన్నది ఆ బ్యాచికి చేసిన ప్రయోగశాల పరీక్షా పత్రములో మాత్రమే తెలుస్తుంది. ఆ పత్రము చూపలేని కంపెనీ సీసా కొనవద్దు.

వ్రాసిన అంకె నిజమేనా అన్నది మరొక సందేహము. 2017లో అమెరికాలో ఆన్‌లైనులో అమ్మే 84 సి.బి.డి. సరుకులు కొని పరీక్షించగా, చీటీ మీది అంకె సరిగా ఉన్నవి మూడవ వంతు కూడా లేవు. కొన్నిటిలో చెప్పినదానికన్న తక్కువ, కొన్నిటిలో ఎక్కువ. 18 సరుకులలో టి.హెచ్.సి. బయటపడినది.

మరి మోతాదు ఎంత? ఇక్కడ రెండు అంకెలు మీ ముందు పెడతాము. బ్రిటనులోని ఆహార ప్రమాణాల సంస్థ 2020లో ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 70 మిల్లీగ్రాములు మించరాదన్నది. కొత్త ఆధారాలు చూచి 2023 అక్టోబరులో దానిని 10 మిల్లీగ్రాములకు దించినది. ఇది ఒక అంకె. అమెరికాలో 2018లో మూర్ఛరోగానికి ఎపిడియోలెక్స్ అనే శుద్ధమైన సి.బి.డి. ద్రావకాన్ని ఔషధముగా అంగీకరించినారు. దాని మోతాదు శరీరపు బరువును బట్టి కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలై, వైద్యుని చేతిమీదుగా పెరిగి, కొన్ని జాతుల మూర్ఛలో 20 దాకా పోతుంది. అరవై కిలోల మనిషికి 300 నుంచి 1200 అన్నమాట. ఇది రెండవ అంకె.

ఒకే పదార్థానికి ఒకచోట 10, ఒకచోట 1200! ఇదేమి వింత అని అనుకోవద్దు. రెండవది ప్రాణము తోడే మూర్ఛను ఆపడానికి, నిపుణుని కనుసన్నలలో, లివరు పరీక్షలు చేయించుకొంటూ వాడే మందు. ఆ రోగికి మేలు పెద్దది గనుక కీడును ఓర్చుకొంటారు. మొదటిది రోగము లేని మనిషి తనంతట తాను వేసుకొనే సరుకు. దాని వలన కీడు రాకూడదు. అంతర్జాలములో మొదటివారి గొంతుతో మాట్లాడుతూ రెండవవారి అంకెలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. చిక్కు అంతా అక్కడనే వస్తున్నది.

పోనీ, ఎక్కువ వేసుకొంటే ఎక్కువ మేలా? అదీ కాదు. 2019లో బ్రెజిలులో 57 మంది పురుషులను సభలో మాట్లాడించి వారి బెదురును కొలిచినారు. 300 మిల్లీగ్రాములు తీసుకొన్నవారి బెదురు తగ్గినది. 150కి తగ్గలేదు, 600కూ తగ్గలేదు. కీళ్ళనొప్పుల సంగతి చూడండి. డెన్మార్కులో చేతి కీళ్ళ నొప్పి గలవారికి 12 వారాలు రోజుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములిచ్చినారు. ఉత్తుత్తి మాత్ర కన్న మేలు కనిపించలేదు. 2023లో ఆస్ట్రియాలో మోకాళ్ళ నొప్పివారికి పారాసిటమాల్‌కు తోడు రోజుకు 600 ఇచ్చి చూచినారు. అదనపు మేలు అక్కడా కానరాలేదు. మన అమ్మానాన్నల మోకాళ్ళకని వేలు పోసి కొనేముందు ఈ మాట తలచుకోవలెను. రుజువు గట్టిగా ఉన్నది కొన్ని రకాల మూర్ఛరోగాలకు మాత్రమే.

ఇక దుష్ఫలితాలు. మగత, నీరసము, ఆకలి మందగించడము, విరేచనాలు, కొందరికి నిద్ర పట్టకపోవడము, ఒంటి మీద దద్దు. ఇవి పైకి కనిపించేవి. ముసలివారికి మగత అంటే రాత్రి బాత్‌రూములో జారిపడటము, తుంటి విరగడము. కనుక అది చిన్న సంగతి కాదు.

పైకి కనిపించనిది లివరు దెబ్బ. 2025లో అమెరికా ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు ఆరోగ్యవంతులైన 201 మందిని తీసుకొని, వారిలో ఎక్కువమందికి నెలరోజులు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున సి.బి.డి. ఇచ్చినారు. నూటికి అయిదారుగురికి లివరు ఎంజైములు సహజ పరిమితికి మూడింతలు మించినవి. వారిలో ఎవరికీ అంతకుముందు ఏ జబ్బూ లేదు. అందుకనే మూర్ఛకు ఈ మందు ఇచ్చే వైద్యులు మొదలుపెట్టే ముందు, తరువాత ఒకటి, మూడు, ఆరు నెలలకు లివరు రక్తపరీక్ష చేయిస్తారు. మద్యము తాగేవారు, కామెర్లు వచ్చి తగ్గినవారు, కొవ్వు పట్టిన లివరు గలవారు ఈ సీసా జోలికి పోకుండుటే మేలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు అసలే వద్దు. మూర్ఛ గల పిల్లలకైతే నిపుణుడే నిర్ణయించవలెను.

ఇంకొక చిత్రము. నెయ్యి, నూనె దండిగా ఉన్న భోజనముతో వేసుకొంటే ఈ మందు ఖాళీ కడుపుతో వేసుకొన్నప్పటికన్న నాలుగైదు రెట్లు ఒంటికి పడుతుంది. సోమవారము ఉపవాసముతో, మంగళవారము పులిహోర, బొబ్బట్లతో వేసుకొంటే చుక్కలు అవే అయినా మోతాదు అది కాదు. పైగా క్రమముగా వాడినవారి ఒంట్లో అది సగానికి తగ్గడానికే రెండు రోజులకు పైగా పడుతుంది. ఈరోజు మానితే రేపటికి పోయేది కాదు.

మూడవ ప్రశ్న: ఇంకే మందులు వాడుతున్నారు?

ప్రాణాపాయము ఎక్కువగా దాగి ఉన్నది ఇక్కడ. మనము మింగే మందులను విరిచి బయటికి పంపే పని లివరులోని ఎంజైములది. సి.బి.డి. వాటికి అడ్డుపడుతుంది. అప్పుడు వాడే మాత్ర అదే అయినా, ఒంట్లో దాని మట్టము పెరిగిపోతుంది.

ఒక ఇల్లు ఊహించుకొందాము. ఒంగోలు నుంచి తండ్రి వచ్చి కూతురు దగ్గర ఉన్నారు. మూర్ఛకు క్లోబజామ్ మాత్ర వేసుకొంటున్నారు. కూతురు మంచి మనసుతో, నాన్నకు నిద్రపట్టడము లేదని ఈ నూనె తెప్పించినది. రెండు వారాలకు ఆయన పగలంతా తూగుతున్నారు. పిలిస్తే పలకడము లేదు. వయసు మీదపడ్డదని ఇంటివారు అనుకొంటారు. వైద్యునికి మాత్రల చీటీ చూపుతారు గాని నూనె సంగతి చెప్పరు, అది ‘మూలికే’ గదా అని. వైద్యుడు తల స్కానింగుకు వ్రాస్తాడు. నిజానికి జరిగినదేమంటే, సి.బి.డి. వలన క్లోబజామ్ నుంచి పుట్టే మగత పదార్థము రక్తములో పెరిగిపోయినది.

అట్లే వాల్‌ప్రోయేట్ వాడేవారికి లివరు దెబ్బ భయము హెచ్చు. రక్తము పలుచనకు వార్ఫరిన్ వేసుకొనేవారికి రక్తస్రావము కావచ్చును. మూత్రపిండము మార్చుకొని టాక్రోలిమస్ వాడేవారికి ఆ మందు విషముగా మారేంత పెరగవచ్చును. మనసు కుదుటపడటానికి ఎస్సిటలోప్రామ్ వాడేవారికి, నిద్రమాత్రలవారికి, జలుబు మాత్రలవారికి కూడా జాగ్రత్త కావలెను. స్టెంటు వేయించుకొని క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఆ మాత్ర పనితనము తగ్గవచ్చునన్న అనుమానము ఉన్నది. ఈ సభలో కూర్చున్న పెద్దలలో పై జాబితాలోని మాత్ర ఒకటైనా లేని ఇల్లు ఎన్ని ఉంటవి?

కనుక మా మనవి ఇది. సి.బి.డి. నిజమైన మందు. నిజమైన మందు గనుకనే దానికి నిజమైన దుష్ఫలితాలున్నవి. దానిని మందుగా గౌరవించండి.

ఇంటి గోడకు అంటించుకోదగిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము.

ముందుగా వైద్యుని అడగవలెను. సరుకు అమ్మే కంపెనీ ఫోనులో అయిదు నిమిషాలు మాట్లాడించి చీటీ ఇచ్చే వైద్యుడు గాక, మీ పాత మందులన్నీ ఎరిగిన వైద్యుడు కావలెను. మూర్ఛకైతే హోసూరు రోడ్డు మీదనే నిమ్హాన్స్ ఉన్నది; పసివాడిని అక్కడ చూపండి. నూనె కొన్నామని మూర్ఛ మాత్ర ఒక్క పూట కూడా మీ అంతట మీరు మానవద్దు. అట్లు మానితే మూర్ఛ ఆగకుండా వచ్చి ప్రాణము తీయవచ్చును.

వైద్యుడు సరేనంటే, తక్కువతో మొదలుపెట్టి, ఒకే వేళకు, ఒకే తీరు భోజనముతో వేసుకొని, తేదీ, మోతాదు, ఒంటి తీరు ఒక నోటుబుక్కులో వ్రాసుకోవలెను. చెప్పిన గడువులో గుణము లేకపోతే మోతాదు పెంచుకోవద్దు. తిరిగి వైద్యుని దగ్గరకే పోవలెను.

కళ్ళు పచ్చబడినా, మూత్రము ముదురు రంగైనా, కుడిపక్క డొక్కలో నొప్పి వచ్చినా, ఆకలి చచ్చిపోయి వాంతులైనా, మనిషి మగతలో ఉండి పలకకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవలెను. సీసా కూడా వెంట తీసుకొని పోవలెను. మందుల దుష్ఫలితాలు తెలుపడానికి 1800-180-3024 అని కేంద్రము వారి ఉచిత ఫోను ఉన్నది. మీరు తెలిపిన ఒక్క సంగతి మరొక ఇంటిని కాపాడవచ్చును.

చివరి మాట అన్నింటికన్న ముఖ్యమైనది. దాచవద్దు. గంజాయి మొక్క మందంటే వైద్యుడు ఏమనుకొంటాడోనని సిగ్గుపడి దాచే అమ్మానాన్నలున్నారు. వారిని తిట్టవద్దు, అడగండి. ఊరు విడిచి, పిల్లల కోసము ఈ అపార్టుమెంటులలో ఒంటరిగా పగళ్ళు గడుపుతున్న పెద్దలు వారు. వారి మందుల పెట్టె నెలకొకసారి దగ్గర కూర్చొని చూచుట వారికి మనము చేయగల సేవలలో పెద్దది. ఈ ఉగాదికి కొత్త బట్టలు పెట్టినట్లే, ఈ వారము ఆ పెట్టె తెరచి, మాత్రలు, నూనెలు, చూర్ణాలు అన్నీ ఒక కాగితము మీద వ్రాసి వారి జేబులో పెట్టండి.

షడ్రుచులూ తగుపాళ్ళలో కలిసిన సంవత్సరము మీ అందరికీ కలుగవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.